‘మన రెండు భాషలు’: రోమన్ల నోట లాటిన్, గ్రీకు

క్రీ.పూ. 167. మాసిడోనియాలోని ఆంఫిపోలిస్ నగరం. అంతకు ముందు ఏడాది పిడ్నా యుద్ధంలో రాజు పెర్సియస్‌ను ఓడించిన రోమన్ సేనాని ఎమిలియస్ పౌలస్ పీఠం మీద కూర్చున్నాడు. ఎదురుగా మాసిడోనియా జనం. అలెగ్జాండర్ ఏలిన రాజ్యం ఇక లేదని, దాన్ని నాలుగు ముక్కలు చేస్తున్నామని, రాజులకు కట్టిన పన్నులో సగమే ఇకపై రోమ్‌కు కట్టాలని ప్రకటించాలి. పౌలస్ ఆ నిర్ణయాలను లాటిన్‌లో చెప్పాడు. పక్కనున్న ప్రెటర్ (ఉన్నత రోమన్ అధికారి) నేయస్ ఆక్టేవియస్ వాటిని గ్రీకులో తిరిగి చెప్పాడు.

నిజానికి పౌలస్‌కు దుబాసీ అక్కర్లేదు. ఆయనకు గ్రీకు బాగా వచ్చు. బందీగా తన ముందుకు తెచ్చిన పెర్సియస్‌ను గ్రీకులోనే పలకరించాడు, ధైర్యం చెప్పాడు. అది అయ్యాక తనవాళ్ల వైపు తిరిగి, మనిషి దశ ఎంత త్వరగా తారుమారవుతుందో చూడండని లాటిన్‌లో హితవు చెప్పాడు. తన కొడుకులకు వ్యాకరణం, తత్వశాస్త్రం, శిల్పం, చిత్రలేఖనం నేర్పడానికి గ్రీకు గురువులను పెట్టినవాడు. మాసిడోనియా కొల్లసొమ్ములో రాజుగారి పుస్తకాలను ఆ కొడుకులకే ఇచ్చాడని గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు.

ఓడిన రాజుతో ముఖాముఖి గ్రీకు. సొంత అధికారులతో లాటిన్. ఓడిన ప్రజలకు ఆజ్ఞ చదివేటప్పుడు మళ్లీ లాటిన్, వెంట తర్జుమా. ఈ మూడు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రోమన్ల భాషా వ్యవహారం చాలావరకు అర్థమవుతుంది. ఎవరికి ఎంత గ్రీకు వచ్చు అన్న ప్రశ్న అక్కడ చిన్నది. ఏ చోట, ఎవరి ముందు, ఏ హోదాలో నిలబడి ఏ భాష మాట్లాడాలన్నదే పెద్దది. పెద్దింటి రోమన్ చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న మర్యాదల్లో ఇదొకటి. ఇందులో తప్పు చేస్తే పేరు పోయేది.

సంతలోంచి వచ్చిన భాష

రోమ్‌కు గ్రీకు పుస్తకాలతో రాలేదు. దక్షిణ ఇటలీ తీరమంతా గ్రీకు పట్టణాలే: నేపుల్స్, టారెంటం, సముద్రం దాటితే సిసిలీలో సిరక్యూస్. నూనె, పాత్రలు, యంత్రాలు ఆ పట్టణాల నుంచి వచ్చేవి, వాటితో పాటే పేర్లూ వచ్చేవి. లాటిన్‌లో నూనెకు ‘ఒలియం’, యంత్రానికి ‘మాకినా’, శిక్షకు ‘పోయినా’ అంటారు. మూడూ గ్రీకు మాటలే, చెవిన పడ్డవి పడ్డట్టు లాటిన్ నోట్లో అరిగిపోయినవి. లాటిన్ రాసే అక్షరాలు కూడా గ్రీకు లిపి నుంచి ఇటలీలోని పొరుగు జాతి ఎట్రుస్కన్ల చేతుల మీదుగా వచ్చినవే.

అయితే మార్కెట్‌లో బేరానికి సరిపోయే గ్రీకు సభలో నిలబడి మాట్లాడటానికి చాలదు. ఆ సంగతి రోమన్లకు క్రీ.పూ. 282లో తెలిసొచ్చింది. టారెంటంకు రాయబారిగా వెళ్లిన పోస్టుమియస్ అక్కడి జనం ముందు గ్రీకులో మాట్లాడబోయాడు. ఉచ్చారణ తప్పినప్పుడల్లా వాళ్లు పగలబడి నవ్వారు. ఒకడు ఆయన టోగాను అశుద్ధంతో పాడుచేశాడు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. క్రీ.పూ. 272లో టారెంటం రోమ్ చేతికి చిక్కింది. యుద్ధానికి కారణాలు వేరే ఉన్నాయి గానీ, రోమన్ రాయబారి వచ్చీరాని గ్రీకు వల్ల నలుగురిలో అవమానపడ్డ ఈ కథను తర్వాతి తరాలు పదేపదే చెప్పుకున్నాయి.

ఆ టారెంటం నుంచే వచ్చాడని చెప్పే లివియస్ ఆండ్రోనికస్ అనే గ్రీకువాడు క్రీ.పూ. 240లో రోమన్ ఉత్సవంలో మొదటిసారి లాటిన్ నాటకం ఆడించాడు. హోమర్ గ్రీకు కావ్యం ఒడిస్సీని లాటిన్ చేసిందీ అతడే. మొదటి పంక్తిలోనే అతని తెలివి కనిపిస్తుంది. హోమర్ ‘మ్యూస్’ అనే కవితా దేవతను పిలుస్తాడు. ఆండ్రోనికస్ ఆ పేరు తీసేసి, రోమ్ నగర ద్వారం దగ్గరి ఊటలో కొలువున్న ‘కమేనా’ను పిలిచాడు. వినేవాళ్లకు తమ ఊరి దేవత వినిపించాలనుకున్నాడు. రెండు తరాల తర్వాత ఎన్నియస్ అనే కవి మళ్లీ మ్యూస్‌లనే నేరుగా పిలిచాడు. అప్పటికి వినేవాళ్లకు వాళ్లెవరో తెలుసు. గ్రీకు, దక్షిణ ఇటలీ భాష ఆస్కన్, లాటిన్ వచ్చు కాబట్టి తనకు మూడు హృదయాలున్నాయని చెప్పుకున్నవాడు ఈ ఎన్నియసే.

ఇంకో విచిత్రం. రోమన్ సెనేటర్లు, అంటే సెనేట్ అనే పెద్దల సభ సభ్యులు, తమ దేశ చరిత్రను మొదట గ్రీకులో రాశారు. క్రీ.పూ. 200 ప్రాంతంలో ఫేబియస్ పిక్టర్ దీనికి నాంది పలికాడు. లోకానికి రోమ్ ఎవరో చెప్పాలంటే లోకం చదివే భాషలో చెప్పాలి, అదే వాళ్ల లెక్క. తర్వాత అల్బినస్ అనే మరో సెనేటర్ గ్రీకులో చరిత్ర రాసి, భాషలో తప్పులుంటే మన్నించమని ముందుమాటలో కోరాడు. నిన్నెవరు రాయమన్నారని కేటో అనే రోమన్ నాయకుడు ఎద్దేవా చేశాడు.

సెనేట్ గడప దగ్గర

ఈ కేటో గ్రీకు ద్వేషి అని పేరు. ఆయన క్రీ.పూ. 191లో ఏథెన్స్ ప్రజల ముందు లాటిన్‌లో ప్రసంగించి, దుబాసీ చేత చెప్పించాడు. గ్రీకులో మాట్లాడగలిగి ఉండీ కావాలనే మానేశాడని ప్లూటార్క్ స్పష్టంగా రాశాడు. కేటో నాలుగు మాటల్లో అన్నది గ్రీకులో చెప్పడానికి దుబాసీకి అంత సేపు పట్టడం చూసి ఏథెన్స్ వాళ్లు ఆశ్చర్యపోయారట. ఈ చివరి ముక్క కేటో తానే చెప్పుకున్నది, కాబట్టి కాస్త తగ్గించి నమ్మాలి.

క్రీ.పూ. 155లో ఏథెన్స్ నుంచి ముగ్గురు తత్వవేత్తలు రాయబారులుగా రోమ్ వచ్చారు. కుర్రకారు వాళ్ల గ్రీకు ఉపన్యాసాలకు ఎగబడ్డారు. అంటే భాష అర్థమయ్యేవాళ్లు ఊళ్లో దండిగానే ఉన్నారు. అయినా సెనేట్‌లోకి వెళ్లినప్పుడు గైయస్ అసిలియస్ అనే సెనేటర్ వాళ్లకు దుబాసీగా నిలబడ్డాడు. రోమన్ అధికారులు గ్రీకులకు ఎప్పుడూ లాటిన్‌లోనే జవాబిచ్చేవారని, రోమ్‌లోనే కాదు, గ్రీసులో, ఆసియాలో కూడా దుబాసీ ద్వారానే మాట్లాడనిచ్చేవారని రోమన్ రచయిత వలీరియస్ మాక్సిమస్ గొప్పగా రాసుకున్నాడు. అందరూ అన్నివేళలా అలా చేశారనుకోలేం. గ్రీకు గడ్డ మీద గ్రీకులోనే పని నడిపిన రోమన్ అధికారులు చాలామందే. కానీ పద్ధతి అంటే అదీ అన్న భావన మాత్రం గట్టిగా ఉండేది. సెనేట్‌లో దుబాసీ లేకుండా మాట్లాడిన మొదటి గ్రీకువాడు ప్రసిద్ధ రోమన్ వక్త సిసిరో గురువు మోలోన్ అని కూడా వలీరియసే చెప్పాడు. అది క్రీ.పూ. మొదటి శతాబ్దం సంగతి.

సిసిరోకే ఒకసారి ఈ దెబ్బ తగిలింది. సిసిలీ గవర్నరు వెర్రీస్ అక్రమాలకు సాక్ష్యాలు కూడగడుతూ సిరక్యూస్ సభలో గ్రీకులో మాట్లాడాడు. గ్రీకుల సభలో రోమన్ సెనేటర్ ప్రసంగించడమే తప్పు, పైగా గ్రీకులోనా అని అక్కడి కొత్త గవర్నరు మండిపడ్డాడు. అదే కేసు ప్రసంగంలో సిసిరో చేసిన పని చూడండి. వెర్రీస్ ఎత్తుకుపోయిన విగ్రహాలను వర్ణిస్తూ, శిల్పి పేరు దగ్గర తడుముకున్నట్టు ఆగి, ‘ఎవరు? ఆ, గుర్తుచేశావు, పాలిక్లిటస్ అన్నారు’ అంటాడు. గ్రీకు శిల్పంలో పాలిక్లిటస్ ఎంతటివాడో సిసిరోకు తెలియకపోవడమేమిటి! తీర్పు చెప్పే రోమన్ పెద్దల ముందు గ్రీకు కళల్లో మరీ ఆరితేరినవాడిలా కనిపించకూడదు, అంతే. ఆ తడబాటును కూడా ఆయన ముందే రాసిపెట్టుకున్నాడు.

మిత్రుడు అట్టికస్‌కు రాసిన ఉత్తరాల్లో ఆ తెర తొలగిపోతుంది. ఏళ్ల తరబడి ఏథెన్స్‌లో ఉన్నందుకే అట్టికస్‌కు ఆ పేరు. ఆ ఉత్తరాల్లో లాటిన్ వాక్యం మధ్యలో గ్రీకు మాట, గ్రీకు సామెత, హోమర్ పాదం అలవోకగా దొర్లుతాయి. వేళాకోళానికీ, రాజకీయ రహస్యానికీ, ఒంట్లో నలత చెప్పుకోవడానికీ గ్రీకే. సెనేట్ ప్రసంగాల్లో గ్రీకు దాదాపు కనిపించదు. ఒకే మనిషి, ఒకే కలం. మారిందల్లా చదివేవాడు.

చక్రవర్తులు వచ్చాక కూడా సెనేట్‌లో ఈ పట్టింపు పోలేదు. టైబీరియస్‌కు గ్రీకు ధారాళంగా వచ్చు. అయినా సభలో ‘మోనోపోలియం’ (గుత్తాధిపత్యం) అనే గ్రీకు మాట వాడాల్సి వచ్చినప్పుడు ముందుగా మన్నించమని అడిగాడు. తీర్మానంలో ‘ఎంబ్లెమా’ (పొదిగిన అలంకారం) అన్న మాట వస్తే దానికి సాటి లాటిన్ మాట వెతకండి, దొరక్కపోతే నాలుగు మాటల్లో విడమరిచి రాయండి అన్నాడు. గ్రీకులో సాక్ష్యం అడిగితే సైనికుడొకణ్ని లాటిన్‌లోనే చెప్పమన్నాడు. క్లాడియస్ దారి వేరు. లాటిన్, గ్రీకు రెండూ మాట్లాడిన ఒక పరదేశితో ‘మన రెండు భాషలూ నీకు వచ్చు కదా’ అన్నాడని చక్రవర్తుల చరిత్రలు రాసిన సుయెటోనియస్ రాశాడు. ‘మన’ అన్న ఆ మాటలో రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. గ్రీకును పరాయి భాష అనడం ఆయన నోటికి రాలేదు. ఎట్రుస్కన్ల చరిత్రను 20 సంపుటాల్లో, కార్తేజ్ చరిత్రను 8 సంపుటాల్లో గ్రీకులోనే రాశాడు. అదే క్లాడియస్, గ్రీకు ప్రాంతపు ప్రముఖుడొకరికి లాటిన్ రాదని తెలిసి అతని రోమన్ పౌరసత్వం రద్దు చేశాడు. ఈ రెండింటిలో పొంతన లేదనిపించవచ్చు. కానీ రెండు భాషలూ మనవి అన్నవాడు లాటిన్ రానివాణ్ని రోమన్ అని ఒప్పుకోలేడు.

పలకా బలపం, పైనా కిందా

పిల్లవాడికి చదువు గ్రీకుతోనే మొదలుపెట్టాలని రోమన్ వాగ్మిత్వ గురువు క్వింటిలియన్ సలహా ఇచ్చాడు. లాటిన్ ఎలాగూ నలుగురి నోటా విని వచ్చేస్తుంది. కానీ మరీ ఎక్కువ కాలం గ్రీకు ఒక్కటే నేర్పితే లాటిన్ ఉచ్చారణ చెడిపోతుందని కూడా హెచ్చరించాడు. ఆ కాలపు పాఠ్యపుస్తకాల ప్రతులు కొన్ని మిగిలాయి. ఒక నిలువు వరుసలో గ్రీకు, దాని పక్కన లాటిన్. పాఠం ఒక పిల్లవాడి దినచర్య. పొద్దున లేచాను. చెప్పులు అడిగాను. నీళ్లు తెచ్చారు, ముందు చేతులు, తర్వాత ముఖం కడుక్కున్నాను. తల దువ్వుకున్నాను. అమ్మానాన్నలకు నమస్కరించి బడికి వెళ్లాను. మధ్యాహ్నం ఇంటికి వచ్చాక తెల్ల రొట్టె, ఆలివ్‌లు, జున్ను, ఎండు అత్తిపళ్లు, కాయలు తిని చల్లని నీళ్లు తాగాను. రెండు భాషల్లోనూ అవే మాటలు. గ్రీకు నేర్చుకునే రోమన్ పిల్లలకీ, లాటిన్ నేర్చుకునే గ్రీకు పిల్లలకీ ఇదే పుస్తకం పనికొచ్చేది. రోమన్ సాహిత్యం గురించి ఎన్ని పేజీలు చదివినా, ఆ ద్విభాషా లోకం ఎంత మామూలు విషయమో ఈ జున్ను రొట్టె పాఠం చెప్పినంత దగ్గరగా మరేదీ చెప్పదు.

ఈ పిల్లవాడికి చెప్పులు అందించిన మనిషి బానిస. చాలా ఇళ్లలో అతడు గ్రీకు మాట్లాడే బానిస. గ్రీకు భాష రోమ్‌కు పుస్తకాల కన్నా ఎక్కువగా బందీల నోళ్లలో వచ్చింది. మొదట చెప్పుకున్న పౌలస్, పుస్తకాలు కొడుకులకిచ్చిన ఆ పెద్దమనిషే, సెనేట్ ఆదేశంతో గ్రీసు వాయవ్యాన ఎపిరస్‌లో 70 ఊళ్లను ఒక్క రోజులో కొల్లగొట్టించి 1,50,000 మందిని బానిసలుగా పట్టించాడు. ఓడిన గ్రీసు గెలిచినవాణ్నే లోబరుచుకుందని రోమన్ కవి హోరేస్ రాసిన పాదాన్ని ఎత్తి చెప్పేవాళ్లు ఈ లెక్కను కూడా పక్కన పెట్టుకోవాలి. గెలిచింది సంస్కృతే కావచ్చు. దాన్ని మోసుకొచ్చినవాళ్లు సంకెళ్లలో వచ్చారు.

అందుకే రోమ్ నగరంలో గ్రీకు ఒక వింతైన స్థానంలో ఉండేది. సమాజం పైవరసలో సెనేటర్ ఇంటి గ్రంథాలయంలో గ్రీకు. కింది వరసలో వంటింట్లో, రేవుల్లో, వలస వచ్చినవాళ్ల వాడల్లో గ్రీకు. పైవాళ్ల గ్రీకు విద్యకు గుర్తు, కిందివాళ్ల గ్రీకు పరాయితనానికి గుర్తు. గ్రీకు నగరంగా మారిన రోమ్‌ను భరించలేనని వ్యంగ్యకవి జువెనల్ పద్యంలో ఒక పాత్ర రొద పెట్టేది ఈ కిందివాళ్ల గురించే. రోమ్‌లోని యూదుల సమాధుల మీద రాతలు ఎక్కువ భాగం గ్రీకులో ఉన్నాయి. రోమ్ క్రైస్తవులకు అపొస్తలుడు పౌలు రాసిన లేఖ కూడా గ్రీకే. సామ్రాజ్య రాజధానిలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాస్తూ లాటిన్ వాడాలన్న ఆలోచనే అక్కడ కనపడదు.

తత్వశాస్త్రాన్ని లాటిన్‌లో చెప్పడం మాత్రం నిజంగా కష్టపడి చేసిన పని. మన భాష పేదది అని కవి లుక్రీషియస్ వాపోయాడు. పేదది కాదు, గ్రీకు కన్నా సంపన్నమైనదని సిసిరో వాదించి, వాదనతో ఆగకుండా మాటలు పుట్టించాడు. ‘ఎలాంటిది’ అనే గ్రీకు ప్రశ్నలోంచి పుట్టిన ‘పోయోటెస్’కు సాటిగా ‘క్వాలిటాస్’ కట్టాడు. ఇవాళ మనం రోజూ వాడే ‘క్వాలిటీ’ అదే. కొన్ని అనువాదాలు గురి తప్పాయి కూడా. గ్రీకు వ్యాకర్తలు ద్వితీయా విభక్తికి పెట్టిన పేరులోని మాటకు ‘కారణం’ అనే అర్థమూ ఉంది, ‘నేరం మోపడం’ అనే అర్థమూ ఉంది. రోమన్లు రెండోది పట్టుకుని ‘అక్యుజటీవస్’ అన్నారు. ఇంగ్లిష్ వ్యాకరణం చదివే పిల్లలు ఆ పొరపాటును ఇప్పటికీ వల్లె వేస్తున్నారు.

తూర్పు దిక్కున

రాజ్యం విస్తరించినకొద్దీ పశ్చిమాన గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), స్పెయిన్, ఉత్తర ఆఫ్రికాల్లో లాటిన్ వేళ్లూనుకుంది. తూర్పున అలా జరగలేదు, జరగాలని రోమ్ పట్టుబట్టనూ లేదు. ఈజిప్టు, సిరియా, ఆసియా రాష్ట్రాల్లో అలెగ్జాండర్ వారసులు వదిలివెళ్లిన గ్రీకు పరిపాలన యంత్రాంగం సిద్ధంగా ఉంది. పన్ను రసీదుల నుంచి గవర్నరు ఉత్తర్వుల దాకా దాంట్లోనే నడిపారు. ఇప్పటి తుర్కియే రాజధాని అంకారాలో అగస్టస్ తన ఘనకార్యాలు చెప్పుకున్న శాసనం ఆలయ గోడల మీద రెండు భాషల్లోనూ ఉంది. క్రీ.శ. 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులందరినీ దాదాపుగా రోమన్ పౌరులను చేశాడు. ఆ శాసనానిదని పండితులు గుర్తించిన నకలు గ్రీకులో రాసిన పాపిరస్ (రెల్లు కాగితం) మీదే దొరికింది.

లాటిన్ విడవని చోట్లు కొన్ని ఉన్నాయి: సైన్యపు దస్తావేజులు, పౌరసత్వ పత్రాలు, వీలునామాలు. రోమన్ పౌరుడి వీలునామా లాటిన్‌లో ఉంటేనే చెల్లేది. ఈజిప్టులోని కరానిస్ ఊళ్లో గైయస్ లాంగినస్ కాస్టర్ అనే మాజీ నావికుడు క్రీ.శ. 189లో వీలునామా రాశాడు. తన బానిస స్త్రీలు ఇద్దరికి విడుదల ఇచ్చి వాళ్లనే వారసులను చేశాడు. అసలు పత్రం లాటిన్. మనకు మిగిలింది దాని గ్రీకు తర్జుమా, ఎందుకంటే ఊళ్లో చదవగలిగింది అదే. అంతకు ముందే, ఈజిప్టు నుంచి నౌకాదళంలో చేరిన అపియాన్ అనే కుర్రాడు ఇటలీలోని మిసెనం నుంచి తండ్రికి ఉత్తరం రాశాడు. సముద్రంలో ప్రమాదం తప్పిందని, దారి ఖర్చుకు మూడు బంగారు నాణేలు ఇచ్చారని, తన పేరు ఇప్పుడు ఆంటోనియస్ మాక్సిమస్ అని. పేరు లాటిన్ అయింది. ఉత్తరం గ్రీకులోనే ఉంది.

మన తీరానికి వచ్చిన రోమ్ కూడా గ్రీకు మాట్లాడే రోమే. ఒకటో శతాబ్దపు వర్తక నౌకాయాన గ్రంథం ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ గ్రీకులో ఉంది. కృష్ణా, గోదావరుల తీరాన్ని అది ‘మసాలియా’ అని పిలిచి, అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారని రాసింది. కేరళ తీరంలోని ముజిరిస్ వర్తకానికి సంబంధించిన అప్పు పత్రం పాపిరస్ కూడా గ్రీకే. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనంలో కనిపించే ‘దీనారి’ అనే మాట మూలంలో లాటిన్ ‘డెనారియస్’, గ్రీకు వర్తకుల నోట ‘దెనారియోన్’ అయి వచ్చింది. మనం రోజూ అనే ‘కేంద్రం’ గ్రీకు ‘కెంట్రోన్’ నుంచి జ్యోతిషం ద్వారా సంస్కృతంలోకి, అక్కడి నుంచి తెలుగులోకి చేరింది. అదే గ్రీకు మాట రోమన్ల చేతిలో ‘కెంట్రుమ్’ అయి, ఇంగ్లిష్‌లో ‘సెంటర్’ అయింది.

నాలుగో శతాబ్దం నాటికి ఈ పొందిక చెదిరింది. పశ్చిమాన గ్రీకు నేర్పేవాళ్లు తగ్గారు. చిన్నప్పుడు హోమర్ చదవడం తనకు ఎంత విసుగో క్రైస్తవ పండితుడు అగస్టీన్ దాచుకోకుండా రాశాడు. తూర్పున అదే సమయంలో ప్రభుత్వ కొలువుల ఆశతో కుర్రాళ్లు లాటిన్ కోసం, న్యాయశాస్త్రం కోసం బీరూట్ దారి పట్టారు. గ్రీకు వాగ్మిత్వం నేర్పే ఆంటియాక్ పండితుడు లిబేనియస్ తన శిష్యులు అలా తరలిపోతున్నారని కుమిలిపోయాడు.

తూర్పు రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) చక్రవర్తి జస్టీనియన్ క్రీ.శ. 533లో రోమన్ న్యాయసారాన్నంతా లాటిన్‌లో సంకలనం చేయించాడు. రెండేళ్లకు, 535లో, కొత్త చట్టమొకటి తెస్తూ, అందరికీ సులువుగా అర్థం కావాలని దీన్ని మన పూర్వికుల భాషలో కాక ఈ గ్రీకులో రాశామని అందులోనే చెప్పాడు. పూర్వికుల భాష అంటే లాటిన్. ఆంఫిపోలిస్‌లో పౌలస్ పక్కన ఆక్టేవియస్ చేసిన దుబాసీ పని ఇక ఎవరూ చేయనక్కర్లేదు, ఆజ్ఞే నేరుగా గ్రీకులో వెలువడింది. ఆ తూర్పు సామ్రాజ్యపు జనం తమను గ్రీకులమని అనుకోలేదు. మరో తొమ్మిది వందల ఏళ్లు తమను ‘రొమాయి’, అంటే రోమన్లు, అనే పిలుచుకున్నారు. చివరికి వాళ్లు మాట్లాడే గ్రీకుకే రోమన్ల భాష అన్న పేరు స్థిరపడింది. తుర్కియేలో నల్ల సముద్రం ఒడ్డున ట్రాబ్జోన్ కొండ ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఒక పాత గ్రీకు మాట్లాడతారు. ఆ భాష పేరు ‘రొమేయికా’.